రంగు వేసే ముందు బూమ్ మరలు చూడండి

సంపాదకుడికి,

తెరచాప పడవలో చాప కింది అంచును పట్టి ఉంచే అల్యూమినియం గొట్టం, అంటే బూమ్‌ను విప్పి ఇంటి వర్క్‌షాపులో బాగుచేసుకునేవారు చాలామంది ముందుగా కొనేది రంగు, కొత్త తాళ్లు. కానీ ప్రమాదం ఉండేది మెరుపు తగ్గిన గొట్టంలో కాదు. గూస్‌నెక్ (బూమ్‌ను మాస్ట్‌కు, అంటే నిలువు స్తంభానికి కలిపే కీలు), వ్యాంగ్ (బూమ్‌ను కిందికి లాగి ఉంచే అమరిక) బిగించిన చోట్ల, రెండు లోహాలు ఆనుకునే దగ్గర. పని అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

అల్యూమినియంలో దిగిన స్టెయిన్‌లెస్ స్క్రూకు ఉప్పుతడి తగిలితే ఆ రెండూ కలిసి చిన్న బ్యాటరీ అవుతాయి. కరిగిపోయేది అల్యూమినియమే. స్క్రూ తల చుట్టూ రంగు పొక్కులా లేచి, గోటితో గీకితే తెల్లపొడి రాలుతుంది. ఆ స్క్రూను బలవంతంగా తిప్పితే తల తెగి, మర లోపలే ఉండిపోతుంది. తుప్పు వదిలించే నూనె వేసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి నూనె తుడిచి హీట్ గన్‌తో వేడి చేయండి. స్టీలు కన్నా అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. అప్పుడు సుత్తి దెబ్బకు తిరిగే చేతి ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టి కొడితే చాలావరకు కదులుతుంది.

తిరిగి బిగించేటప్పుడు మరలకు లోహాల మధ్య తినివేతను ఆపే డ్యూరాలాక్ గానీ టెఫ్‌జెల్ గానీ పూసి, ఫిట్టింగ్ కింద పలుచని నైలాన్ షీటు పెట్టాలి. గొట్టం మందం 3 మి.మీ. అయితే ఎం6 స్క్రూకు దొరికేది మూడు మరచుట్లే. బరువు పడే చోట అవి చాలవు. 4.9 మి.మీ. రంధ్రంలో 4.8 మి.మీ. మోనెల్ (నికెల్, రాగి మిశ్రలోహం) రివెట్లే నయం. పగులు కనబడితే వెల్డింగ్ చేయించవద్దు. ఆ వేడికి గట్టిపరిచిన అల్యూమినియం మెత్తబడి, అతుకు పక్కనే వంగుతుంది. లోపల సరిపోయే స్లీవ్ (గొట్టం ముక్క) దూర్చి రివెట్లు కొట్టాలి.

ఇక బూమ్ లోపలి తాళ్లు. పాత తాడు లాగేసే ముందు దాని కొసకు సన్నతాడు కుట్టి లాగండి; లోపల మిగిలే ఆ సన్నతాడే కొత్తదాన్ని లాగుతుంది. ఈ ఒక్కటి మరిస్తే కొత్త తాడు ఎక్కించడానికే పూట గడిచిపోతుంది. రంగు సంగతి తేలికే: స్టీలు ఉన్ని వాడకుండా గరుకు కాగితంతో రుద్ది, అదే రోజు ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునే తొలి పూత) కొట్టాలి. ఆలస్యమైతే పైన మళ్లీ ఆక్సైడ్ పొర కడుతుంది.

బూమ్ అయ్యాక మాస్ట్‌ను నిలబెట్టే వైర్లు చూడండి. అవి ముందుగా తెగేది కింది స్వేజ్ (వైరు కొసకు నొక్కి బిగించిన లోహపు తొడుగు) దగ్గర. నీరు జారి అక్కడే నిలుస్తుంది. వైరు పొడవునా నూలు గుడ్డతో తుడవండి. గుడ్డ ఎక్కడైనా చిక్కుకుంటే ఒక పోగు తెగినట్టే. ఒక్క పోగు తెగినా ఆ వైరు మొత్తం మార్చాలి. కొత్త వైరుకు కొలత తీసేటప్పుడు టర్న్‌బకిల్ (తిప్పి వైరును బిగించే మర) సగం తెరిచి ఉండాలి, లేకపోతే తర్వాత బిగించడానికి చోటుండదు.

ఈ వైర్ల బిగువు చేతి అంచనాకు వదలకండి. వైరు వదులుగా ఉన్నప్పుడే 2 మీటర్ల కొలబద్ద పైకొసను వైరుకు టేపుతో అంటించి, కింది కొస స్వేజ్ తలను తాకేలా పెట్టండి. రెండు పక్కలా మార్చిమార్చి బిగిస్తుంటే కింద సందు పెరుగుతుంది. 1×19 (19 పోగులు పేనిన) స్టెయిన్‌లెస్ వైరుకు ప్రతి 1 మి.మీ. సందూ తెగే బరువులో 5 శాతం. మాస్ట్ పైదాకా వెళ్లే పక్కవైర్లకు సుమారు 3 మి.మీ., అంటే 15 శాతం. తయారీదారు వేరే అంకె చెబితే దాన్నే పాటించాలి. చివరగా టర్న్‌బకిళ్లకు స్ప్లిట్ పిన్నులు కొత్తవే వేసి, మొనలు తెరచాపను చింపకుండా టేపు చుట్టండి.

– ఒక పాఠకుడు