రాని గ్యాసుకు కనీస కొనుగోలు చార్జీలు విధించడంపై ఫిర్యాదు

ఆదోని, కర్నూలు జిల్లా
9 డిసెంబరు 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మీ కంపెనీ గ్యాసు దిగుమతి టెర్మినల్ పూర్తికాకుండానే సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు నెలలకు పంపిన బిల్లులను రద్దు చేయవలసిందిగా కోరుతూ.

అయ్యా,

ఆదోనిలో వేరుశనగ నూనె శుద్ధి చేసే చిన్న మిల్లు మాది. మా నాన్నగారి కాలం నుంచి బాయిలరులో బుడ్డల (వేరుశనగ కాయల) పొట్టు, అది చాలనప్పుడు బొగ్గు వేసి నడుపుకుంటూ వచ్చాము. 2023 ఆగస్టులో మీ మార్కెటింగ్ అధికారులు ఇద్దరు మా మిల్లుకు వచ్చి, కోస్తాలో మీరు కడుతున్న చిన్న ఎల్‌ఎన్‌జీ (బాగా చల్లబరచి ద్రవంగా మార్చిన సహజవాయువు) టెర్మినల్ 2025 మార్చికల్లా పనిలోకి వస్తుందని, అక్కడి నుంచి ట్యాంకర్లలో గ్యాసు తెచ్చి మా ఆవరణలోనే దింపుతామని చెప్పారు. ఆ మాట నమ్మి ఒప్పందం మీద సంతకం చేశాము. 14 లక్షల రూపాయలకు బ్యాంకు గ్యారంటీ ఇచ్చాము. బర్నరుకు, పైపులకు, ట్యాంకు దిమ్మెకు, ప్రహరీకి మరో 31 లక్షలు పెట్టాము. మా వైపు పనులన్నీ పూర్తయ్యాయని 2025 ఫిబ్రవరిలో మీ ఇంజనీరు గారే తనిఖీ చేసి కాగితం రాసిచ్చారు.

ఆ కాగితమే ఇప్పుడు మా మెడకు చుట్టుకుంది. గ్యాసు తీసుకున్నా తీసుకోకపోయినా నెలకు 3,80,000 రూపాయల చొప్పున కనీస కొనుగోలు చార్జీ కట్టాలంటూ మూడు నెలలకు 11,40,000 రూపాయల బిల్లులు పంపారు. కొనుగోలుదారు సిద్ధమైన తేదీయే సరఫరా ప్రారంభ తేదీ అని మీ అకౌంట్స్ విభాగం వాదన. ఒప్పందం ఏడో నిబంధనలో ఉన్న మాట మాత్రం ‘ఇరుపక్షాలూ సిద్ధమైన తేదీ’. సముద్రపు ఒడ్డున ఓడ ఆగడానికి జెట్టీ కూడా పూర్తికాని పక్షం ఏ విధంగా సిద్ధమైనట్టో దయచేసి వివరించగలరు.

ఆలస్యానికి ఫోర్స్ మెజూర్ నిబంధనను, అంటే చేతిలో లేని ఆపదలకు బాధ్యత లేదనే నిబంధనను, అడ్డం పెట్టుకుని ఆగస్టులో మీరు రాసిన లేఖలో మూడు కారణాలు చూపారు: తుఫానులు, చిన్న ఓడలు దొరకకపోవడం, అంతర్జాతీయ ధరలు. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుఫానుల కాలమని సముద్రం ముఖం చూడని మాకు కూడా తెలుసు. ఉక్రెయిన్ యుద్ధంతో ఎల్‌ఎన్‌జీ ధరలు ఆకాశానికి ఎగబాకింది 2022లో. మీరు మాతో సంతకం చేయించుకున్నది ఆ మరుసటి ఏడాది. ఇక ఓడల సంగతి. 2019లో చెన్నై దగ్గర మొదలైన ఎన్నూరు టెర్మినల్ ఏడాదికి 50 లక్షల టన్నుల సామర్థ్యం గలదని, దానితో పోలిస్తే మీది చిన్నది కాబట్టి ఇట్టే అయిపోతుందని మీ అధికారులు మాకు నచ్చజెప్పారు. నిజానికి చిన్న టెర్మినలుకు పెద్ద ఓడ రాదు, చిన్న ఓడలు చాలా తక్కువ, పూడిక తీయడమూ జెట్టీ కట్టడమూ టెర్మినల్ చిన్నదైనంత మాత్రాన తప్పేవి కావు. ఈ వ్యాపారంలో ఉన్న మీకు ఇవన్నీ సంతకాల నాటికే తెలిసి ఉండాలి. కొచ్చిలో 2013లోనే టెర్మినల్ సిద్ధమైనా మంగళూరు దాకా పైపులైను 2021 జనవరికి గానీ ప్రారంభం కాలేదు. అక్కడ గ్యాసు ఉండి గొట్టం లేకపోయింది, ఇక్కడ గొట్టమూ పొయ్యీ ఉండి గ్యాసు లేదు. గ్యాసు రాని నెలలకు కూడా పొయ్యి గలవాడి దగ్గర డబ్బు వసూలు చేయడం మాత్రం మీ బిల్లుల్లోనే చూస్తున్నాము.

ఏప్రిల్‌లో మమ్మల్ని సముదాయించడానికి ఎన్నూరు నుంచి ఒక ట్యాంకరు పంపారు. ఆ రోజు మండుటెండలో, ద్రవాన్ని తిరిగి గ్యాసుగా మార్చే వేపరైజరు రెక్కల మీద తెల్లగా మంచు పేరుకుంటే మా హమాలీలు వింతగా చూస్తూ చేయి పెట్టబోయారు, వారించవలసి వచ్చింది. వింత తీరాక లెక్క చూసుకున్నాము. నింపిన చోట కాటా చీటీ ప్రకారం సరుకు 16,840 కిలోలు. మా ఊరి వేబ్రిడ్జిపై నిండు బండినీ ఖాళీ బండినీ తూయించి చూస్తే దిగింది 16,290 కిలోలు. దారిలో బండి చెడిపోయి కడపలో రెండు రోజులు నిలిచిందని, ట్యాంకులో పీడనం పెరిగి వాల్వు గుండా ఆవిరి వదిలిందని డ్రైవరే చెప్పాడు. మైనస్ 162 డిగ్రీల దగ్గర ఉండే ద్రవం ఎంత గట్టి ట్యాంకులో పోసినా కొంచెం కొంచెంగా ఆవిరవుతుందని మాకు నేర్పింది మీవాళ్లే. ఆ ఆవిరి ఖరీదు మేమే భరించాలని మాత్రం అప్పుడు చెప్పలేదు. బిల్లు నింపిన బరువుకే వేశారు, పైగా ఎన్నూరు నుంచి అదనపు కిరాయి కలిపారు. ఆ తరువాత మరో బండి రాలేదు. ఇప్పుడు ఆ వేపరైజరు రెక్కల మధ్య పావురాలు గూడు పెట్టుకున్నాయి.

మార్కెట్ యార్డుకు కాయలు వస్తున్న సీజను ఇది. గ్యాసు బర్నరు బిగించేటప్పుడు మీ ఇంజనీరు సలహా మీదనే పొట్టు, బొగ్గు వేసి కాల్చే బాయిలరు కింది గ్రేటు కమ్మీలు తీసి తుక్కు కింద అమ్మేశాము. ఊరంతా బుడ్డల పొట్టు గుట్టలుగా పడి ఉండగా దాన్ని కాల్చే వీలు లేక, పక్క మిల్లు నుంచి ఆవిరిని అద్దెకు తీసుకుంటున్నాము.

అందువల్ల మూడు నెలల బిల్లులను వెంటనే రద్దు చేసి, మీ టెర్మినల్ నుంచి మొదటి ట్యాంకరు మా గేటులోకి వచ్చిన నాడే సరఫరా ప్రారంభమైనట్టు లిఖితపూర్వకంగా ధ్రువీకరించాలి. ఏప్రిల్ బిల్లును మేము దించుకున్న బరువుకు సవరించి, అదనపు కిరాయిని వాపసు చేయాలి. జెట్టీ పని, నిల్వ ట్యాంకుల అనుమతులు ఏ దశలో ఉన్నాయో కాగితాలతో సహా తెలపాలి. వచ్చే జూన్ నెలాఖరులోగా టెర్మినల్ నడవని పక్షంలో బ్యాంకు గ్యారంటీని వెనక్కి ఇచ్చి, గ్రేటు తిరిగి అమర్చుకునే ఖర్చును మీరే భరించాలి. ఈ లోగా గ్యారంటీని నగదుగా మార్చుకునే ప్రయత్నం చేస్తే కోర్టు నుంచి స్టే కోరుతాము. ఈ లేఖ అందిన 15 రోజుల్లో సమాధానం రాకపోతే ఒప్పందంలోని మధ్యవర్తిత్వ నిబంధన ప్రకారం నోటీసు పంపుతాము.

ఏడో నిబంధన ఉన్న పుటనూ రెండు కాటా చీటీలనూ మీ ఇంజనీరు ధ్రువపత్రాన్నీ దీనితో జతపరిచాము.

ఇట్లు,
మేనేజింగ్ పార్టనర్,
ఆదోని