మంచాన పడితే ఎవరు చూస్తారు?

సంపాదకుడు గారికి,

పిల్లలిద్దరూ అమెరికాలో ఉన్నారు కదా అని మొన్న ఆదివారం నేనూ మా ఆవిడా ఊరి చివర సీనియర్ లివింగ్ ఫ్లాట్, అంటే పెద్దవాళ్ల కోసమే కట్టిన ఇల్లు, చూడ్డానికి వెళ్లాం. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీలు, మంచం పక్కన ఎమర్జెన్సీ బటన్, ఉప్పు తగ్గించిన సాంబారు, అన్నీ బాగానే చూపించారు. "రేపు మంచాన పడితే ఎవరు చూస్తారు బాబూ?" అని మా ఆవిడ అడిగితే, సేల్స్ కుర్రాడు క్లబ్‌హౌస్ చూద్దాం రండి అంటూ లేచాడు! డిపాజిట్‌లో మా తర్వాత పిల్లలకి ఎంత తిరిగొస్తుంది, మెయింటెనెన్స్ ఏటా ఎంత పెంచుతారు, ఏదీ కాగితం మీద లేదు. ఇలాంటి ఇళ్లకి కేంద్రం 2019లోనే నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది, రాష్ట్రాలు పట్టించుకుంటేనే వాటికి విలువ. ఇక డబ్బు లేనివాళ్ల కోసం జిల్లాకి కనీసం ఒక వృద్ధాశ్రమం, 150 మందికి చోటుతో, రాష్ట్రాలు "పెట్టవచ్చు" అంటుంది తల్లిదండ్రులు, వయోవృద్ధుల సంక్షేమం కోసం తెచ్చిన 2007 చట్టం. పెట్టి తీరాలి అనదు.

- ఒక రిటైర్డ్ టీచర్, హైదరాబాద్