ఇంటి చదువుకూ రికార్డుల్లో ఒక గడి ఉండాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మేము విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటున్నాం. కిందటి జూన్‌లో మా పిల్లలిద్దరికీ టీసీలు తీసుకుని ఏడాదిపాటు ఇంట్లోనే చదివించాం. ఈ జూన్‌లో అమ్మాయి ఏడో తరగతిలో చేరడానికి మళ్ళీ బడికి వెళ్తుంది. పద్నాలుగేళ్లు నిండిన అబ్బాయి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా పదో తరగతి పరీక్షలకు కడతాడు. ఈ ఏర్పాట్లలో ఎదురైన చిక్కు మా ఒక్క ఇంటిది కాదనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ఐఐటీ ఫౌండేషన్ పేరుతో ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి చీకటి పడేదాకా బడిలో కూర్చోబెడుతుంటే, ఆరులోకి రాబోతున్న చెల్లెలికీ అదే గతి అని భయపడి మేమీ నిర్ణయానికి వచ్చాం. మావారివి షిఫ్టు డ్యూటీలు కనుక, బి షిఫ్టు వారాల్లో ఉదయం లెక్కలు ఆయన చెప్పేవారు, తక్కినవి నేను చూసుకునేదాన్ని. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు రెండుసార్లు వెళ్ళాం. సముద్రపు గాలి తెచ్చి పోసిన ఇసుకలోని ఇనుము వేల ఏళ్లలో తుప్పుపట్టి ఆ రంగు వచ్చిందని చదివాక, అక్కడి మట్టి తేకూడదు కనుక, మా అమ్మాయి పెరటి మట్టినే సీసాలో వేసి, నీళ్లు పోసి, గిలకొట్టి కిటికీలో పెట్టింది. మర్నాటికి ఇసుక అడుగుకు దిగి, దానిపైన సన్నని ఒండ్రు పేరుకుని, అన్నిటికన్నా పైన బురద నీరు నిలిచింది. ఆ మూడు పొరల ఎత్తూ స్కేలుతో కొలిచి, బొమ్మ గీసి, తేదీ వేసింది. హిందీ మాత్రం మాకు సాగలేదు. ఈడు పిల్లల తోడు కూడా మేమివ్వలేకపోయాం. అమ్మాయి తిరిగి బడికి వెళ్తానన్నది ముఖ్యంగా అందుకే.

అబ్బాయి విషయంలో ఇబ్బంది లేదు. సార్వత్రిక పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి, ఒకసారి పాసైన సబ్జెక్టును మళ్ళీ రాయనక్కర్లేదు. అమ్మాయి దగ్గరే పేచీ వచ్చింది. టీసీ తీసుకున్ననాటి నుంచి తన పేరు, బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో, ఒక బడి వదిలి మరో బడిలో ఇంకా చేరని పిల్లల జాబితా అయిన డ్రాప్‌బాక్సులో ఉండిపోయింది. ఇంటింటి సర్వేకు వచ్చినావిడ మా బల్లమీది పుస్తకాలన్నీ చూసి కూడా, వేరే గడి లేదని ‘బడి మానేసిన బాలిక’ అని రాసుకుని వెళ్ళారు. ఆవిడను తప్పుపట్టను. మేమడిగిన ఒక ప్రైవేటు పాఠశాలవారు మాత్రం ఆరో తరగతి ప్రోగ్రెస్ కార్డు లేదు కాబట్టి మళ్ళీ ఆరులోనే చేర్చుకుంటామన్నారు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షను, చదువు మధ్యలో ఆగిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలనీ, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలనీ చెబుతోంది. పనికి పంపిన పిల్లల కోసమే రాసినట్లు అనిపించే ఆ మాట మా అమ్మాయికీ వర్తించాలి కదా. పద్నాలుగేళ్లలోపు పిల్లల వివరాలను స్థానిక సంస్థ నమోదు చేసి ఉంచాలని అదే చట్టం తొమ్మిదో సెక్షను చెబుతోంది. ఆ నమోదులో ‘ఇంటివద్ద చదువు’ అనే గడి ఒకటి చేర్చి, మండల విద్యాధికారి ఏడాదికోసారి ఆ పిల్లలకు చిన్న పరీక్ష పెట్టి, ఏ తరగతికి తగినవారో ధ్రువపత్రం ఇచ్చేలా పాఠశాల విద్యాశాఖ ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను. ఇంటి చదువు మాటున ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేసేస్తారని, మగపిల్లలను పనుల్లో పెడతారని కొందరు అంటారు. ఆ భయం నిజమైనదే, అందుకే పరీక్ష ఉండాలంటున్నాను. లెక్కలోకి రాని పిల్లలకే ఆ ప్రమాదం ఎక్కువ.

బడులు తెరిచేలోగా అధికారులెవరైనా చూస్తామంటే, అమ్మాయి ఈ ఏడాది రాసిన పదకొండు నోటు పుస్తకాలనూ, ఖాళీగా ఉన్న ఆ హిందీ పుస్తకంతో సహా, సంచిలో పెట్టుకుని రావడానికి సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక తల్లి,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.