రాత్రి పదికి బి షిఫ్ట్ దిగినోళ్లు ఎక్కడ ఉండాలి? మహబూబ్‌నగర్ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

నేను జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌ (ప్రత్యేక ఆర్థిక మండలి)లోని ఒక మందుల కంపెనీలో కెమిస్టును. సొంతూరు కొల్లాపూర్ వైపు. పెళ్లి కాలేదు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఆ సంగతి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు గానీ, కిరాయి ఇల్లు వెతకడం మొదలుపెట్టాక మొదటి ప్రశ్న అదే అయింది. మా చెల్లె ఏనుగొండ వైపు ఒక ఆసుపత్రిలో నర్సు. ఆమెను అడిగే ప్రశ్నలు ఇంకో రకం. ఇద్దరం కలిసి ఉంటామన్నా నమ్మరు. ఆధార్ కార్డుల మీద తండ్రి పేరు చూపించుకోవాల్సి వచ్చింది.

సోమవారం ప్రజావాణికి వచ్చి అర్జీ ఇస్తే సరిపోయేది కదా అనొచ్చు మీరు. ఇచ్చేవాణ్నే. కానీ ఆ కాగితం ఏదో ఒక శాఖకు రాసి పంపిస్తారు. నేను చెప్పేది రాత్రి డ్యూటీ దిగేవాళ్లకు కిరాయి గది దొరకని సంగతి. అది మున్సిపల్ శాఖ, కరెంటు శాఖ, బస్సులు, పరిశ్రమలు నాలుగింటి నడుమ పడి ఉంది. ఆ నలుగురినీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టగలిగేది ఈ జిల్లాలో మీరొక్కరే. అందుకే ఈ లేఖ మీకు.

జిల్లాలో ఇప్పుడు కొలువులన్నీ ఊరి బయటే. పోలేపల్లిలో ఫార్మా. దివిటిపల్లిలో 2023 మే నెలలో ఐటీ టవర్ ప్రారంభమైంది, అదే రోజు పక్కనే అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. 9,500 కోట్ల పెట్టుబడి, 4,500 మందికి నేరుగా ఉద్యోగాలు అని అప్పట్లో ప్రకటించారు. ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఎదిరలో, పాలమూరు యూనివర్సిటీ రాయచూర్ రోడ్డులో. 2025లో మున్సిపాలిటీ కార్పొరేషన్ అయినప్పుడు దివిటిపల్లి, జైనల్లీపూర్ కూడా నగరంలో కలిశాయి. పటం మీద నగరం పెద్దదైంది, సంతోషమే. పని మాత్రం ఊరి చివరికి పోయి, పనిచేసేవాళ్లు పడుకోవడానికి గది ఇంకా మెట్టుగడ్డ, న్యూటౌన్ చుట్టూ వెతుక్కుంటున్నారంటే దానికి కారణం ఉంది.

కిరాయి ఎక్కడ తక్కువో చూసి పిల్లలు గది తీసుకుంటారని అందరూ అనుకుంటారు. ముందు నేనూ అట్లే లెక్క వేశాను. అది చివర్లో వేసే లెక్క. మొదటి లెక్క రాత్రి ఇంటికి చేరే దారిది.

మా దగ్గర మూడు షిఫ్టులు. పొద్దున ఆరు నుంచి రెండు, రెండు నుంచి రాత్రి పది (ఇదే బి షిఫ్ట్), పది నుంచి పొద్దున ఆరు. కంపెనీ బస్సు ఉంటుంది. అది ఇంటి ముందు దింపదు, పాయింట్ దగ్గర దింపుతుంది. పాయింట్ అంటే పెద్ద రోడ్డు మీద ఏదో ఒక చౌరస్తా. అక్కడి నుంచి గదికి ఒక కిలోమీటరు, కిలోమీటరున్నర. పగలు అది నడక. రాత్రి పదకొండుకు అదే నడకలో కుక్కల గుంపు ఉంటుంది, ఎక్కడో ఒక బెల్టు షాపు ఉంటుంది, సగం కట్టి వదిలేసిన వెంచర్ ఉంటుంది, స్తంభం ఉండి లైటు లేని మలుపు ఉంటుంది. మా దోస్తులు గది చూడటానికి పగలు పోరు. ఓనర్‌తో మాట కుదిరాక రాత్రి పదిన్నరకు పాయింట్ దగ్గర బండి ఆపి, అక్కడి నుంచి ఆ గల్లీ దాకా నడిచి చూసి, అప్పుడు అడ్వాన్స్ ఇస్తారు. కొత్తగా చేరినవాళ్లకు నేనిచ్చే సలహా కూడా ఇదే.

జడ్చర్లలో బాదేపల్లి, కావేరమ్మపేట, సిగ్నల్‌గడ్డ కంపెనీకి దగ్గర. అక్కడ గది ఖాళీ అయిందన్న కబురు టు-లెట్ బోర్డు దాకా రాదు, ఖాళీ చేసేవాడి రూమ్మేట్ దోస్తుకే పోతుంది. మహబూబ్‌నగర్‌లో న్యూటౌన్, మెట్టుగడ్డ వైపు మెస్సులున్నాయి, లైట్లున్నాయి, రాత్రి ఆటో దొరుకుతుంది. ఆ సౌకర్యమంతా కిరాయిలోనే కలిసి ఉంటుంది. భూత్పూర్ చౌరస్తా దగ్గర గదులు బాగుంటాయి గానీ 44వ నంబరు జాతీయ రహదారి పక్కన రాత్రిపూట రోడ్డు దాటడం నాకు ధైర్యం చాలని పని. నడుమ మిగిలినవి ఏనుగొండ, అప్పన్నపల్లి, దివిటిపల్లి. కొత్త ఇండ్లు, గాలి వెలుతురు, కింద ఓనర్, పైన రెండు పోర్షన్లు. నిజానికి మాలాంటి వాళ్లు ఉండాల్సింది అక్కడే.

ఉండలేకపోవడానికి లెక్క చాలా చిన్నది. ఊరి నడుమ గది కంటే ఊరి చివరి గది నెలకు వెయ్యి రూపాయలు తక్కువ అనుకుందాం. మూడు వారాలకోసారి బి షిఫ్ట్ వస్తుంది, అంటే నెలలో ఏడెనిమిది రాత్రులు. షేర్ ఆటోలు పండుకున్నాక ఒక్కడి కోసం ఆటో కట్టించుకుంటే ట్రిప్పుకు నూటయాభైకి తక్కువ రాడు. వెయ్యి అక్కడే పోయింది, పైన ఇంకో నూరు పెట్టాలి. ఇగ బండి కొనుక్కోవాలి. బండి కొంటే ఈఎంఐ. చవక గది తీసుకున్న పాపానికి బండి కొన్నవాళ్లు మా విభాగంలోనే ఉన్నారు.

మా చెల్లె సంగతి వేరు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. దానితో ఆమెకు నెల ఖర్చు నిజంగానే తగ్గింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆమె డ్యూటీ దిగే వేళకు బస్సు ఉంటేనే కదా ఆ జీరో టికెట్ పనికొచ్చేది. బస్సు లేని రాత్రి ఆమె కూడా ఆటోకే డబ్బులిస్తుంది, ఆటో ఎక్కాక నాకు ఫోన్ చేసి దిగేదాకా మాట్లాడుతూనే ఉంటుంది.

కరెంటు మీటరు గురించి కొంచెం వివరంగా రాస్తాను. పైకి చిన్నగా కనిపించినా నెలనెలా జేబుకు తగిలేది అదే. ఊరి చివరి ఇండ్లలో చాలాచోట్ల మొత్తం ఇంటికి మీటరు ఒకటే, పోర్షన్లకు సబ్ మీటర్లు. ఓనర్ యూనిట్‌కు పది రూపాయలని చెప్తాడు. ఒంటరిగా ఉండేవాడు ఒక ఫ్యాను, రెండు లైట్లు, ఒక ఇండక్షన్ స్టవ్వు వాడితే నెలకు 60, 70 యూనిట్లు. సొంత మీటరుంటే వంద యూనిట్ల లోపు వాడకానికి టారిఫ్ ప్రకారం యూనిట్ రెండు, మూడు రూపాయల దగ్గరే పడుతుంది. ఓనర్ని అడిగితే ఆయన దగ్గరా జవాబు ఉంది. మూడు పోర్షన్ల వాడకం ఒకే మీటరు మీద పడి 200 యూనిట్లు దాటిందంటే, మొదటి యూనిట్ నుంచే 5 రూపాయల 10 పైసలు, ఆపైన 7 రూపాయల 70 పైసలు. ఆయనా నష్టపోతున్నాడు, మేమూ నష్టపోతున్నాం. పోర్షన్‌కో మీటరు పెట్టించుకుంటే ఇద్దరికీ మేలే. ఆఫీసు చుట్టూ తిరగాలన్న భయంతో ఎవరూ ఆ పని పెట్టుకోరు. అప్పన్నపల్లి, ఏనుగొండల్లో వారం రోజులు మీటర్ల మేళా పెట్టించి చూడండి. 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతిలో కిరాయిదార్లకు కూడా 200 యూనిట్ల దాకా ఉచితమని ప్రభుత్వం చెప్పింది. దానికి రేషన్ కార్డు కావాలి. మా కార్డు మా ఊళ్లో అమ్మానాన్నల దగ్గర ఉంది. అది మాకు రాదని తెలుసు, అడగడం లేదు. సొంత మీటరు మాత్రం అడుగుతున్నా.

ఇండ్ల ఓనర్ల విషయం. "ఫ్యామిలీకే" అని బోర్డు మీద రాసుకునే హక్కు వాళ్లకుంది, వాళ్ల ఇల్లు. రాత్రి పదకొండుకు గేటు చప్పుడైతే పెద్దవాళ్లకు నిద్ర చెడుతుంది, అదీ నిజమే. కొందరు నేరుగా కులం అడుగుతారు, చెప్పాక గది ఆ పొద్దునే ఎవరికో మాటిచ్చేశామంటారు. ఒక పెద్దమనిషి "ఒక్కనివే ఉంటవా బిడ్డా, దోస్తులు రారు గద?" అని అడిగి, రారంటే నమ్మక, వస్తారంటే ఇవ్వక నన్ను పది నిమిషాలు నిలబెట్టాడు. ఆయన కొడుకు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తున్నాడట. ఈ జిల్లా నుంచి తరతరాలుగా ముంబై, భీవండి, పుణె పోయి రేకుల షెడ్లలో ఉండి కూలి చేసినవాళ్లున్నారు. పరాయి ఊళ్లో ఇల్లు దొరకడమంటే ఏమిటో పాలమూరోళ్లకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. ఇప్పుడు ఇక్కడికే జనం పని కోసం వస్తున్నారు. ఆ అలవాటు మనకింకా కాలేదంతే.

ఓనర్ల మనసు మార్చమని మిమ్మల్ని అడగను, అది కలెక్టరేట్‌లో అయ్యే పని కాదు. కాగితం మాత్రం అడుగుతాను. నోటిమాట మీద అడ్వాన్స్ తీసుకుంటారు, ఖాళీ చేసేటప్పుడు సున్నం కింద, పగిలిన నల్లా కింద పట్టుకుంటారు. కాగితం రాసినా పదకొండు నెలలకే రాస్తారు, ఏడాది దాటితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద రిజిస్టర్ చేయించాలి కాబట్టి. పదకొండు నెలల కాగితం కూడా లేకపోతే మాకు అడ్రస్ ప్రూఫ్ ఉండదు, గ్యాస్ కనెక్షన్ రాదు. అడ్రస్ అడగకుండా ఇచ్చే ఐదు కిలోల ఛోటూ సిలిండర్ మీదే మా వంట. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇంటి అడ్వాన్స్ రెండు నెలల కిరాయి మించకూడదని ఉంది, ఓనర్ గదిలోకి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని ఉంది, నీళ్లు, కరెంటు ఆపకూడదని ఉంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తనదిగా చేసుకుంటేనే చట్టం. ఆ నమూనా ప్రకారం డిప్యూటీ కలెక్టర్ స్థాయి అధికారిని రెంట్ అథారిటీగా, అంటే అద్దె వ్యవహారాలు చూసేందుకు, నియమించేది జిల్లా కలెక్టరే. కాబట్టి మీ స్థాయి నుంచి ఒక సిఫారసు పైకి వెళ్తే దానికి బరువుంటుంది. అందాకా, ఒక పేజీ కిరాయి ఒప్పందం నమూనా తెలుగులో, ఉర్దూలో అచ్చు వేయించి మీసేవ కేంద్రాల్లో పెట్టిస్తే చాలు. అడ్వాన్స్ ఎంత, వాపస్ ఎప్పుడు, కరెంటు యూనిట్ ఎంత, ఈ మూడు గడులున్నా సగం కొట్లాటలు తగ్గుతాయి.

ఇంకొకటి. ఓనర్లు ఇవ్వకపోతే సర్కారే కట్టొచ్చు. 2024 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం ఆవాస్ యోజన పట్టణ రెండో విడతలో కిరాయి ఇండ్లకు వేరే విభాగమే ఉంది. అంతకుముందు 2020లో, ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఇండ్లను పని కోసం వచ్చినవాళ్లకు కిరాయికి ఇచ్చే పథకం తెచ్చారు. ఉద్యోగం చేసే ఆడపిల్లలకు సఖి నివాస్ హాస్టళ్లున్నాయి. ఒంటరి గదికి జీతంలో 15 శాతం, ఇద్దరుండే గదికి 10 శాతం మించి తీసుకోకూడదన్నది దాని నిబంధన. అలాంటి హాస్టల్ ఒకటి ఎదిర, దివిటిపల్లి నడుమ కట్టించండి. అక్కడే మెడికల్ కాలేజీ, అక్కడే ఐటీ టవర్, అక్కడే బ్యాటరీ ఫ్యాక్టరీ. స్థలం కూడా ఊరి నడుమ వెతకాల్సిన పని లేదు. ఒక్క జాగ్రత్త: రాత్రి ఎనిమిదికే గేటు తాళం వేసే హాస్టల్ అయితే నర్సులకు, ఐటీ వాళ్లకు పనికిరాదు. ప్రైవేటు హాస్టళ్లు వద్దనుకుని మా చెల్లె గది కోసం తిరుగుతున్నది అందుకే.

వీటన్నిటికంటే ముందు, డబ్బు పెద్దగా ఖర్చు కాకుండా ఈ నెలలోనే చేయగలిగింది చెప్తాను. జిల్లా పరిశ్రమల కేంద్రం దగ్గర కంపెనీల జాబితా ఉంది. పోలేపల్లి, దివిటిపల్లి కంపెనీల నుంచి, పెద్ద ఆసుపత్రుల నుంచి రెండే వివరాలు తెప్పించండి: ఏ షిఫ్ట్ ఎన్ని గంటలకు వదులుతుంది, వాళ్ల బస్సులు ఏ పాయింట్లలో దింపుతాయి. ఆ పాయింట్లను కార్పొరేషన్ పటం మీద గుర్తు పెట్టిస్తే ఎక్కడ లైట్లు వేయాలో, ఎక్కడ పెట్రోలింగ్ బండి పది నిమిషాలు ఆగాలో దానంతట అదే తేలుతుంది. రాత్రి పదిన్నర ప్రాంతంలో జడ్చర్ల నుంచి అప్పన్నపల్లి, ఏనుగొండ మీదుగా న్యూటౌన్‌కు ఒక బస్సు, దివిటిపల్లి వైపు నుంచి ఇంకొకటి మూడు నెలలు నడిపి చూడమని డిపో అధికారులను అడగండి. జనం ఎక్కకపోతే తీసేయండి, మేం మళ్లీ అడగం. నేను టికెట్ కొనే ఎక్కుతాను.

లైట్లు వెలగని మలుపులు, కంపెనీ బస్సు పాయింట్ల వివరాలు మా దోస్తులం కలిసి రాసి పెట్టుకున్నాం. మీ కార్యాలయం నుంచి ఎవరైనా ఒక రాత్రి పది దాటాక వస్తామంటే ఆ దారులన్నీ మేమే వెంట నడిచి చూపిస్తాం. బి షిఫ్ట్ లేని వారమైతే మాకు వీలు.

ఇట్లు,
పోలేపల్లిలో పనిచేసే ఒక కిరాయిదారు