బందులు పారేయకండి నాన్నా

నాన్నా,

రంగు పొరలు పేరుకుపోయాయని, తలుపుల బందులు, గడియలు అన్నీ తీసేసి కొత్తవి వేయిద్దామని మొన్న ఫోన్‌లో అన్నారు. ఈ ఉత్తరం చదివేదాకా ఆగండి.

ఇక్కడ నేనుండే ఇంట్లోనూ అంతే. రంగు వేసిన ప్రతివాళ్లూ బందులు విప్పకుండా పైపైనే పూసేశారు. ఒకచోట పెచ్చు లేస్తే లోపల తెలుపు, ఆకుపచ్చ, మళ్లీ తెలుపు, అడుగున గోధుమరంగు. స్క్రూ గాడి జాడే లేదు. ముందు బందు చుట్టూ బ్లేడుతో గీత పెట్టాను, లేకపోతే తలుపు రంగూ దాంతోపాటు ఊడొస్తుంది. గాడిలోని రంగును తడిపి, సన్నటి మొనతో తీశాకే స్క్రూడ్రైవర్ పట్టాను. తొందరపడితే గాడి అరిగిపోతుంది, ఇక ఆ స్క్రూ కదలదు.

తర్వాత పనంతా వేడినీళ్లదే. మళ్లీ వంటకు వాడని పాత గిన్నెలో, లీటరు నీళ్లకు రెండు చెంచాల వంటసోడా కలిపి, బందులు మునిగేలా వేశాను. తెర్లనివ్వకుండా సన్నసెగ మీదే ఉంచాలి. వేడికి లోహం, రంగు ఒకేలా సాగవు, అందుకే పట్టు వదిలేస్తాయి. గంటయ్యాక పట్టకారుతో ఒకటి పైకి తీసి చెక్కపుల్లతో నెట్టాను. నాలుగు పొరలూ కలిసి కుబుసంలా జారిపోయాయి. కింద పచ్చగా ఇత్తడి! ఇన్నాళ్లూ ఇనుమే అనుకున్నాను. చల్లారితే రంగు మళ్లీ బిగుసుకుంటుంది, ఒక్కొక్కటే తీయండి. ఇనుప బ్రష్ మాత్రం వద్దు, గీతలు పడతాయి.

అయస్కాంతం అంటుకుంటే అది ఇనుము, లేదా ఇత్తడి పూత వేసిన ఇనుము. ఇనుపవాటిని తీసిన వెంటనే తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి కాస్త నూనె రాయాలి. నేను మొదటి గడియను తడిగా వదిలేస్తే కాసేపటికే తుప్పు పట్టింది. అల్యూమినియం సోడానీళ్లలో నల్లబడుతుంది, దాన్ని వేయకండి.

నాకు టెన్షన్‌గా ఉన్నది ఒక్కటే. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. పొడిగా గీకకండి, సాండ్‌పేపర్ అసలు పట్టుకోకండి. ఆ దుమ్ము పిల్లల మెదడుకు చాలా చేటు. పని చేసేటప్పుడు పాపను ఆ చుట్టుపక్కలకు రానివ్వకండి. ఊడిన రంగును తడిగా ఉండగానే కాగితంలో చుట్టేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

ముందు వెనక గది గడియ ఒక్కటి విప్పండి. రంగు పోయాక ఫోటో పంపండి, కింద ఏముందో నాకూ చూడాలనుంది.

మీ అమ్మాయి