కట్టెల మిషన్ కొనేముందు ఇది చూడండి

అన్నలూ, మన మారతహళ్ళి క్యాటరింగ్ వాళ్లు కట్టెల మిషన్ గురించి అడుగుతున్నారు కాబట్టి ఇక్కడే రాస్తున్నా. కోసి, చీల్చి, బయటికి తోసే పెద్ద ప్రాసెసర్ మన బడ్జెట్‌కి అందదు, అవసరమూ లేదు. కోయడానికి చైన్ రంపం, ఆయిల్ ఒత్తిడితో మొద్దు చీల్చే హైడ్రాలిక్ స్ప్లిటర్ విడిగా తీసుకుంటే చాలు. 230 వోల్టుల సింగిల్ ఫేజ్‌తో నడిచే చిన్న స్ప్లిటర్లకి సరుగుడు ఫరవాలేదు, నీలగిరి పచ్చిగా ఉండగానే చీల్చాలి, ఎండితే మొండికేస్తుంది. మెలితిరిగిన చింత మొద్దు పెడితే మాత్రం చీల్చే బ్లేడు సగంలో ఆగి మోటారు మూలుగుతుంది, దానికి ఎక్కువ టన్నుల బలంతో తోసే స్ప్లిటర్ కావాలి.

చవకని తిరిగే స్క్రూ కోన్‌ది, అంటే మొద్దులోకి మరలా దూరి చీల్చే శంకువు ఉన్నది, కొనొద్దు, దయచేసి. పనివాళ్ల లుంగీ అంచో గ్లౌజో చిక్కిందంటే మనిషినే లాగేస్తుంది. నడిపేవాడు రెండు చేతులూ మీటల మీద పెడితేనే కదిలే స్ప్లిటర్ చూడండి. సెకండ్ హ్యాండ్ అయితే సిలిండర్ రాడ్ మీద గీతలు, సీల్ దగ్గర ఆయిల్ చెమ్మ ఉన్నాయేమో మిషన్ ఆపించి చూసి, మీ మొద్దే ఒకటి తీసుకెళ్లి చీల్పించాకే డబ్బులివ్వండి.