షిప్పు ఆగే గంటలు, మనం చూసే గంటలు

మ్యూనిక్,
ఫిబ్రవరి 9.

నాన్నకి, అమ్మకి నమస్కారాలు.

నాన్నా, మీరు పంపిన కాగితం ఫొటో నిన్న రాత్రి పెద్దది చేసుకుని చూశాను. రెండు క్రూయిజ్ రూట్లకీ స్కేలు పెట్టి గళ్లు గీసి, షిప్పు ఎన్నింటికి వస్తుంది, ఎన్నింటికి వెళ్తుంది, మధ్యలో ఎన్ని గంటలు అని రాశారు. మొదటి రూటుకి పెన్సిల్‌తో సున్నా చుట్టి, పక్కన "రోమ్ 12 గంటలు, ఫ్లోరెన్స్ 10 గంటలు, సరిపోతాయి కదా?" అని అడిగారు. ఫోన్‌లో చెప్పకుండా ఉత్తరం రాయడం ఎందుకంటే ఇందులో లెక్కలు ఎక్కువ. మీరు ఆ కాగితం పక్కన పెట్టుకుని చదవాలి.

ముందే చెప్పేస్తాను, సరిపోవు. ఏథెన్స్‌లో ఎక్కి గ్రీసు, మాంటెనెగ్రో, క్రొయేషియా రేవుల మీదుగా వెళ్లే ఆ రెండో రూటే నాకు మంచిదనిపిస్తోంది.

రోమ్ సంగతి చూడండి. కాగితంలో రోమ్ అని ఉంది గానీ షిప్పు రోమ్‌కి వెళ్లదు. చివిటావెక్కియా అనే రేవులో ఆగుతుంది. అక్కడి నుంచి రోమ్ సుమారు 70 కిలోమీటర్లు. ఉదయం 7 గంటలకు వస్తుందంటే ఆ టైముకి షిప్పు రేవు గోడ పక్కకి చేరుతుందని అర్థం. తాళ్లు కట్టాలి, అక్కడి అధికారులు సరే అనాలి, ఆ తర్వాతే దిగనిస్తారు. వేలమంది ఒక్కసారిగా దిగుతారు కాబట్టి మనం నేల మీద కాలు పెట్టేసరికి 8 అవుతుంది. రేవులో నడవడానికి దూరం ఎక్కువ, గేటు దాకా ఒక బస్సు, అక్కడి నుంచి రైల్వే స్టేషన్‌కి ఇంకో బస్సు. 9 గంటల ప్రాంతంలో రైలు దొరికితే 10కి రోమ్‌లో ఉంటాం. ఇక తిరుగు ప్రయాణం. సాయంత్రం 7కి షిప్పు బయల్దేరుతుందంటే 6:30 కల్లా అందరూ లోపల ఉండాలి. కొన్ని షిప్పుల్లో గంట ముందే రమ్మంటారు. మీరు బండి టైముకి గంట ముందే స్టేషన్‌లో కూర్చునే మనిషి, ఇక్కడ కూడా ఆ గంట వదులుకోరు, వదులుకోకూడదు కూడా. అంటే 5:30కి రేవులో ఉండాలి, దానికోసం 4 గంటలకి రోమ్‌లో రైలెక్కాలి. 10 నుంచి 4 దాకా, మీరు రాసిన 12 గంటల్లో సరిగ్గా సగం.

ఆ ఆరింట్లో కూడా భోజనం ఉంది, టాయిలెట్లు వెతుక్కోవడం ఉంది, సెక్యూరిటీ క్యూలున్నాయి. అమ్మ నడక మనకు తెలుసు, నచ్చినచోట ఒక అరగంట కూర్చుండిపోతుంది. దాన్ని నేను వృథా అనుకోను, అది కూడా చూడటమే. అన్నీ తీసేస్తే నాలుగున్నర గంటలు మిగులుతాయి. వాటికన్ మ్యూజియంలు ఒక్కటే మూడు గంటలు పడతాయి. పైగా మీ కాగితం ప్రకారం రోమ్ ఆదివారం పడింది, అదీ నెలలో మొదటి ఆదివారం. నెలాఖరు ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు ఆ మ్యూజియంలు మూసేస్తారు. మైఖెలాంజెలో 1508 నుంచి 1512 దాకా నాలుగేళ్లు పట్టి వేసిన సిస్టీన్ చాపెల్ పైకప్పు చూడాలని మీరు ఎన్నేళ్లుగానో అంటున్నారు. అది ఆ మ్యూజియంల లోపలే ఉంది. ఈ రూటులో వెళ్తే రోమ్ దాకా వెళ్లి కూడా మీరు దాన్ని చూడలేరు. ఇది కంపెనీ వాళ్ల కాగితంలో ఎక్కడా ఉండదు.

ఫ్లోరెన్స్ ఇంకా ఇబ్బంది. షిప్పు ఆగేది లివోర్నోలో. అది సరుకు ఓడల రేవు, నడిచి బయటికి రానివ్వరు, షటిల్ బస్సు కోసం ఆగాలి. అక్కడి నుంచి ఫ్లోరెన్స్ సుమారు 90 కిలోమీటర్లు. బస్సు, స్టేషన్, రైలు అన్నీ కలిపి వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి అంతే. 10 గంటల్లో ఊళ్లో ఉండేది మూడు, మూడున్నర. లివోర్నో నుంచి పీసా దగ్గర, ఒరిగిన గోపురం మాత్రం చూసి రావాలంటే ఆ రోజు హాయిగా సరిపోతుంది. కానీ మీరు రాసింది ఫ్లోరెన్స్.

ఇలా ఊరి పేరు ఒకటి, రేవు ఇంకొకటి ఉండటం మామూలే. ప్యారిస్ అని రాసి లె హావ్ర్‌లో ఆపుతారు, అది ప్యారిస్‌కి 200 కిలోమీటర్లు. బెర్లిన్ అని రాసి వార్నెమ్యుండెలో ఆపుతారు, రానూ పోనూ ఆరు గంటలు దారిలోనే పోతాయి. అందుకే నేను ముందు రేవు పేరు వెతుకుతాను. తర్వాత మ్యాప్‌లో రేవు నుంచి మనం చూడాలనుకున్న గుమ్మం దాకా ఎంతసేపో చూస్తాను. రానూ పోనూ ప్రయాణం అక్కడ చూసే సమయం కంటే ఎక్కువైతే ఆ ఊరు షిప్పులో వద్దు, విడిగా ఇంకోసారి రైల్లో వెళ్దాం అనుకుంటాను. రోమ్, ఫ్లోరెన్స్ రెండిటికీ నేను చెప్పేది ఇదే. మీరు వచ్చినప్పుడు షిప్పుకి ముందో వెనకో రోమ్‌లో మూడు రోజులు ఉందాం. సిస్టీన్ చాపెల్‌కి ఆదివారం కాని రోజు, పొద్దున్నే మొదటి టికెట్ తీస్తాను.

దూరం ఒక్కటే కాదు, షిప్పు రేవుకి ఆనుకుని నిలబడుతుందా, సముద్రంలో లంగరు వేసి చిన్న బోట్లలో పంపుతారా అన్నది కూడా చూడాలి. ఈ బోట్లని టెండర్లు అంటారు. రెండేళ్ల కిందట నేను గ్రీసులోని శాంతోరిని దీవికి వెళ్లినప్పుడు ఇది తెలియక బాధపడ్డాను. షిప్పు 7కి వచ్చింది. షిప్పు వాళ్ల టూరు కొన్నవాళ్లని ముందు పంపి, మిగతావాళ్లకి నంబర్లిచ్చారు. నా నంబరు వచ్చేసరికి 9 దాటింది. కింద రేవు నుంచి పైన ఫిరా ఊరికి 580కి పైగా మెట్లు, లేదా కేబుల్ కారు. కేబుల్ కారుకి గంట క్యూ. దిగేటప్పుడు ఇంకా పెద్ద క్యూ. ఆఖరి బోటు టైము దగ్గర పడుతుంటే ఆ టెన్షన్‌లో చివరి గంట నేను ఏమీ చూడలేదు, వాచీ తప్ప. పోస్టర్ల మీద వేసే ఆ ఊరి సూర్యాస్తమయం ఉంది చూడండి, ఎండాకాలంలో అక్కడ పొద్దు గుంకేది దాదాపు 8:30కి. మా షిప్పు 6కే బయల్దేరింది.

రెండో రూటులో కూడా శాంతోరిని ఉంది, దాచను. ఆ ఒక్కచోట షిప్పు వాళ్ల టూరే తీసుకుందాం. వాళ్ల బోట్లు సాధారణంగా అథినియోస్ అనే వేరే రేవుకి వెళ్తాయి, అక్కడి నుంచి బస్సులో పైకి తీసుకెళ్తారు కాబట్టి ఎక్కేటప్పుడు ఆ క్యూ, ఆ మెట్లు మీ మోకాలికి తప్పుతాయి. టూరు ఆలస్యమైతే మనకోసం ఆగే బాధ్యత కూడా వాళ్లదే. మనంతట మనం వెళ్లి ఆలస్యమైతే షిప్పు ఆగదు, తర్వాతి రేవు దాకా మన ఖర్చుతో మనమే చేరుకోవాలి. దూరం ఊళ్లకి, టెండరు ఊళ్లకి వాళ్లతో వెళ్లడం, దగ్గర ఊళ్లలో మన ఇష్టం వచ్చినట్టు తిరగడం, నేను ఇలాగే చేస్తాను.

మిగతా ఊళ్లు చూడండి. కోర్ఫులో రేవు నుంచి పాత ఊరు సుమారు రెండు కిలోమీటర్లు. డుబ్రోవ్నిక్‌లో గ్రూజ్ రేవు నుంచి కోట మూడు కిలోమీటర్లు, సిటీ బస్సు ఉంది. కోటోర్‌లో షిప్పు కట్టేది కోటగోడ ఎదురుగానే, రోడ్డు దాటితే ఊరు. మీ కాగితంలో కోటోర్ 8 గంటలే ఉందని తక్కువనుకున్నారు. అందులో ఏడు గంటలు మనవే. రేవులో ఇంకో షిప్పు ఉంటే మాత్రం మనల్ని కూడా టెండర్లలోనే దింపుతారు. అప్పుడైనా దూరం కొద్దిపాటే.

కోటోర్ గురించి ఇంకో మాట. మీరు షిప్పు నిలబడ్డాకే గంటలు లెక్కపెట్టారు. అక్కడ చూడాల్సింది షిప్పు కదులుతున్నప్పుడే మొదలవుతుంది. సముద్రం కొండల మధ్యకి లోపలికంటా చొచ్చుకొచ్చిన చోటు అది. ఒకచోట వెడల్పు 340 మీటర్లే ఉంటుంది, అంత పెద్ద షిప్పు దాని మధ్య నుంచి మెల్లగా వెళ్తుంది. అది దాటగానే పెరాస్ట్ ఊరి ముందు రెండు చిన్న దీవులు, వాటిలో ఒకటి మనుషులు రాళ్లు పోసి కట్టింది. 9కి రేవు చేరతాం కాబట్టి 7 నుంచే డెక్ మీద కుర్చీలు వేసుకుని కూర్చోవాలి. అమ్మకి ఇదే అన్నిటికంటే నచ్చుతుందని నా నమ్మకం. అక్కడ ఒక్క అడుగు నడవాల్సిన పని లేదు.

ఏథెన్స్‌కి మీరు సున్నా గంటలు రాశారు. షిప్పు బయల్దేరేది ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచే కదా, ఎక్కే ఊరి టైము మన చేతిలోనే ఉంటుంది. రెండు రోజులు ముందే దిగుదాం, కొండ మీద పాత గుళ్లుండే అక్రోపోలిస్‌కి ఎండ ఎక్కకముందే వెళ్లి వద్దాం. చివర్లో దిగేచోట "వెనిస్" అని ఉంది, అది నిజానికి ట్రియెస్టే అనే ఇంకో ఊరి రేవు. 2021 ఆగస్టు నుంచి పెద్ద షిప్పుల్ని వెనిస్ ఊరి మధ్య కాలువలోకి రానివ్వడం లేదు. ట్రియెస్టే నుంచి వెనిస్‌కి రైల్లో సుమారు రెండు గంటలు. అప్పటికి షిప్పు వదిలేశాం కాబట్టి ఎంత ఆలస్యమైనా భయం లేదు.

రెండు పనులున్నాయి నాన్నా. వీసాకి మల్టిపుల్ ఎంట్రీ అడగండి. కోటోర్ ఉన్న మాంటెనెగ్రో షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో లేదు, అక్కడి నుంచి మళ్లీ క్రొయేషియాలోకి వచ్చేటప్పుడు రెండో ఎంట్రీ అవుతుంది. రెండోది, మీ చేతి గడియారం తప్పకుండా పెట్టుకోండి. గ్రీసుకి, కోటోర్‌కి గంట తేడా ఉంది. కోర్ఫు ఎదురుగా అల్బేనియా ఎంత దగ్గరంటే, కొన్నిచోట్ల ఫోన్ ఆ దేశం సిగ్నల్ పట్టుకుని గంట తక్కువ చూపిస్తుంది. దాన్ని నమ్ముకుంటే షిప్పు వెళ్లిపోతుంది. షిప్పులో రోజూ ఇచ్చే కాగితంలో ఉన్న టైముకి మీ గడియారం తిప్పుకుంటే చాలు, మేమంతా మిమ్మల్నే అడుగుతాం.

ఇక డుబ్రోవ్నిక్ ఒక్కటి తేలాలి. అక్కడ కోటగోడ మీద చుట్టూ నడవొచ్చు, 1,940 మీటర్లు, మెట్లు చాలా, నీడ తక్కువ. లేదంటే కేబుల్ కారులో స్ర్జ్ కొండ ఎక్కి ఊరూ సముద్రమూ పైనుంచి చూస్తూ కూర్చోవచ్చు. రెండూ చేయాలంటే పరుగెత్తాలి, అది నాకు ఇష్టం లేదు. అమ్మా, ఇది నువ్వే చెప్పాలి. ఆదివారంలోగా చెబితే సోమవారం బుక్ చేస్తాను.

మీ అమ్మాయి